అడవిదారి ప్రయాణాలకు కుటుంబ వాహనాన్ని సిద్ధం చేసుకోవడం

వరంగల్ నుండి ములుగు మీదుగా తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల వైపు కుటుంబంతో వెళ్లేందుకు ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని సిద్ధం చేసేవారు మొదట టైర్లపైనే ఖర్చు పెట్టాలి. కంపెనీ అనుమతించిన కొలతలోనే ఆల్ టెరైన్ టైర్లు (తారు రోడ్డుకూ, మట్టి, రాళ్ల దారులకూ పనికొచ్చేవి) ఎంచుకోవాలి. ఇసుకలోకి దిగేముందు గాలిని కొంత తగ్గిస్తే టైరు నేలపై ఎక్కువ మేర ఆనుకుని కూరుకుపోకుండా సాగుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవడానికి 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి.

చాలామంది పట్టించుకోనిది డిఫరెన్షియల్ బ్రీదర్, అంటే ఇంజిన్ శక్తిని చక్రాలకు పంచే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్)లోకి గాలి వచ్చిపోయే రంధ్రం. దూరప్రయాణంతో వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి సంకోచించి నీటిని లోనికి లాగుతుంది, దానితో ఆయిల్ పాడై గేర్లు అరిగిపోతాయి. కనుక బ్రీదర్‌కు గొట్టం తగిలించి దాని చివరను ఇంజిన్ గది పైభాగం వరకు తీసుకురావాలి. నా దృష్టిలో స్నార్కెల్ (ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం) కన్నా ముందు చేయవలసిన పని ఇదే. అయినా వానాకాలంలో జంపన్న వాగు పొంగినప్పుడు ఏ మార్పునూ నమ్మి నీటిలోకి దిగరాదు; పిల్లలు వెంట ఉన్నప్పుడు వెనుదిరగడమే సరైన నిర్ణయం.

పైకప్పు క్యారియర్‌పై తేలికైన సామాను మాత్రమే ఉంచి, నీళ్ల డబ్బాల వంటి బరువులను కిందనే, సీట్ల వెనుక గట్టిగా కట్టాలి. బండి ముందు భాగంలో అదనంగా బిగించే లోహపు కమ్మీలైన బుల్ బార్‌లను కేంద్రం 2017లో నిషేధించింది. అవి ఎయిర్‌బ్యాగుల పనికి కూడా ఆటంకం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నమైన మార్పులను నియంత్రిస్తుంది కాబట్టి, బండిని మెకానిక్‌కు అప్పగించే ముందే ఆర్టీఏ కార్యాలయంలో విచారించండి.