సిక్లిడ్స్ పెంచుదామనుకుంటే ముందు మీ ఇంటి నీళ్ళు చూడండి, చేప సంగతి తర్వాత

చాలామంది షాప్‌కెళ్ళి రంగు నచ్చిన చేప కొనేసి ఇంటికొచ్చాక ట్యాంక్ గురించి ఆలోచిస్తారు. గప్పీ, మోలీ లాంటి చిన్న చేపలకి అలా నడిచిపోతుందేమో గానీ సిక్లిడ్స్ అనే ఈ చేపల కుటుంబానికి నడవదు. ఇవి చోటు కోసం కొట్టుకుంటాయి, ఇసుక తవ్వేస్తాయి, గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే తనకంటే రెండింతలున్న చేపని కూడా తరిమేస్తాయి. అందుకే నేను ఎవరడిగినా చెప్పే వరస ఒకటే: ముందు నీళ్ళు, తర్వాత ట్యాంక్ పొడవు, ఆ తర్వాతే చేప.

నీళ్ళ దగ్గర మొదలుపెడదాం. మీ ఇంట్లో బకెట్ల మీదా కుళాయిల మీదా తెల్లగా ఉప్పు పట్టేస్తోందా? హైదరాబాద్‌లో బోరు మీద బతికే అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఇదే పరిస్థితి, ఆ గట్టి నీళ్ళని అందరూ తిట్టుకుంటారు కానీ ఆఫ్రికా మలావి సరస్సు చేపలకి కావాల్సింది అలాంటివే. ఆ సరస్సులో పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల-క్షార కొలత, సుమారు 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. టీడీఎస్ మీటర్ ఒక్కటి చూసి డిసైడ్ అవ్వకండి, అది నీళ్ళలో ఏం కరిగిందో చెప్పదు, ఎంత కరిగిందో ఒక అంచనా ఇస్తుందంతే, పీహెచ్‌కీ హార్డ్‌నెస్‌కీ (అంటే నీళ్ళ గట్టిదనానికి) డ్రాప్స్ వేసి చూసే టెస్ట్ కిట్ కొనుక్కోండి. ఇంకోటి, బోరు నీళ్ళు పట్టిన వెంటనే టెస్ట్ చేస్తే పీహెచ్ తక్కువ చూపించొచ్చు, భూమిలోంచి వచ్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉంటుంది కాబట్టి. ఒక రాత్రంతా బకెట్‌లో ఎయిర్ స్టోన్ పెట్టి పొద్దున టెస్ట్ చేయండి, అదీ అసలు నంబర్. మున్సిపల్ నీళ్ళైతే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ వేయకుండా ట్యాంక్‌లో పోయొద్దు.

డిస్కస్, రామ్, అపిస్టోగ్రామా లాంటి దక్షిణ అమెరికా వాటికి మెత్తటి నీళ్ళు, కాస్త వెచ్చదనం కావాలి, బోరు నీళ్ళల్లో వాటిని పెట్టాలంటే ప్రతి వారం ఆర్ఓ నీళ్ళు కలుపుతూ కూర్చోవాలి, అంత ఓపిక లేనివాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఆస్కార్‌కి నీళ్ళతో అంత పేచీ ఉండదు కానీ షాప్‌లో రెండంగుళాలుండేది ఇంట్లో అడుగు దాటుతుంది, నాలుగడుగుల ట్యాంక్ లేకపోతే అసలు తేవద్దు. వాస్తు చేప అని అమ్మే ఫ్లవర్‌హార్న్ మనుషులు కలిపి పుట్టించిన హైబ్రిడ్, దాన్ని ఒంటరిగానే ఉంచాలి. చోటు తక్కువుందంటారా, అయితే ఆఫ్రికాలోనే ఇంకో సరస్సు, టాంగన్యికా, దాని గుల్ల చేపలున్నాయి, మల్టీస్ అంటారు, రెండంగుళాలు కూడా దాటవు, రెండడుగుల ట్యాంక్‌లో హాయిగా కాపురం చేస్తాయి. వాటికి మన పొలాల్లో దొరికే పెద్ద నత్తగుల్లల్ని బాగా ఉడకబెట్టి కడిగి ఇసుక మీద పరిచేస్తే చాలు, ఒక్కో చేప ఒక్కో గుల్ల పట్టుకుంటుంది.

నాకు బాగా తెలిసింది మలావి బూనాలు, అంటే రాళ్ళల్లో బతికే రకం, కాబట్టి ఇక్కడ్నించి వాటి గురించే.

ట్యాంక్ ఎత్తు కాదు, పొడవు చూడండి. కొత్తవాళ్ళకి నేను చెప్పేది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. తొమ్మిది ఘనపుటడుగులు అంటే నిండా పోస్తే సుమారు 255 లీటర్లు, అంటే నీళ్ళే పావు టన్ను, దానిపైన రాళ్ళు, ఇసుక, గాజు. అందుకని స్టాండ్ గట్టిది ఉండాలి, మేస్త్రీల రసమట్టం పెట్టి నాలుగు వైపులా లెవెల్ చూసుకోవాలి, ట్యాంక్ కింద థర్మోకోల్ షీట్ వేయాలి. లెవెల్ తప్పితే ఒక మూల మీదే బరువు పడి ఎప్పుడో అర్ధరాత్రి గాజు పగులుతుంది.

రాళ్ళ విషయంలో నేనో దెబ్బ తిన్నాను. మొదటి ట్యాంక్‌లో ముందు ఇసుక పోసి దానిమీద రాళ్ళు పేర్చా, చూడ్డానికి బాగుంది. రెండు వారాలకి ఒక మగ చేప ఆ రాయి కిందే ఇల్లు కట్టుకుందామని నోటినిండా ఇసుక తీసి పక్కన ఉమ్ముతూ, మళ్ళీ తీసి ఉమ్ముతూ గుంట చేసింది, ఒకరోజు పొద్దున చూస్తే రాయి ఒరిగి ఉంది, కింద ఒక చేప నలిగి చచ్చిపోయి ఉంది. అప్పట్నుంచి ముందు అడుగు గాజు మీద సన్నటి ప్లాస్టిక్ జాలీ, దానిమీద పెద్ద రాళ్ళు కదలకుండా కూర్చోబెట్టి, అటూ ఇటూ కదిపి చూసి, ఆ తర్వాతే ఇసుక పోస్తున్నా. మధ్యమధ్యలో సందులుండాలి, చిన్నచేప దూరితే పెద్దది దూరలేనట్టు. తాండూరు రాయి, కడప రాయి ముక్కలు ఫ్లోరింగ్ పని జరిగేచోట మిగిలిపోతుంటాయి, అవి సున్నపురాయి, పీహెచ్ పడిపోకుండా కాస్త సాయం చేస్తాయి. పాలిష్ చేయనివి, సిమెంటు అంటనివి తీసుకుని బ్రష్‌తో రుద్ది కడగండి. మన చుట్టుపక్కల గుట్టల గ్రానైట్ కూడా వాడొచ్చు, అది నీళ్ళని మార్చదు.

నీళ్ళు పోసి, ఫిల్టర్ పెట్టి, చేపలు లేకుండా ట్యాంక్‌ని నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి, ఈలోపు చేపల వ్యర్థంలోని విషాన్ని తగ్గించే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరుగుతుంది. తెలిసినవాళ్ళ పాత ఫిల్టర్ స్పాంజ్ ముక్క దొరికితే తొందరగా అవుతుంది. బ్యాక్టీరియాకి తిండి కావాలి కాబట్టి రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి, ఆ విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్, టెస్ట్‌లో రెండూ సున్నాకి వచ్చాకే చేపలు. మలావి ట్యాంక్‌లో ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఎక్కువ విషం అవుతుంది, పీహెచ్ తక్కువున్న నీళ్ళల్లో తట్టుకునే మోతాదు ఇక్కడ మొప్పల్ని కాల్చేస్తుంది.

చేపలు కొనేటప్పుడు "మిక్స్‌డ్ ఆఫ్రికన్" అని కలిపి అమ్మే కవరు కొనకండి, దండం పెట్టి చెప్తున్నా. అందులో పసుపు మీద నల్లచారలతో ముద్దుగా ఉండే పిల్ల ఒకటి ఉంటుంది, అది ఔరటస్. నేను తెచ్చింది మగది, పెరిగేకొద్దీ పసుపు పోయి నల్లబడింది, నల్లబడ్డాక ట్యాంక్ మొత్తం తనదే అంది. మిగతావన్నీ తోకలు చిరిగిపోయి పైన హీటర్ వెనక నక్కి ఉండేవి. ఏ చేపో పేరు చెప్పగలిగే మనిషి దగ్గరే కొనండి. మొదటిసారికి ఎల్లో ల్యాబ్, మన షాపుల్లో ఎల్లో మార్ఫ్ అని కూడా అంటారు, అది చాలా సాధువు. దాంతోపాటు రంగూ చారలూ కలవని ఇంకో రకం చాలు. ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉండాలి, నాలుగడుగుల ట్యాంక్‌లో అన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను. నాలుగే పెడితే ఒకదాని మీదే దెబ్బలన్నీ పడతాయి, గుంపుంటే పంచుకుంటాయి. తర్వాత కొత్తవి వేయాల్సొస్తే రాళ్ళు మార్చి పేర్చి వేయండి, పాతవాటి సరిహద్దులు చెరిగిపోయి అందరూ కొత్తవాళ్ళే అవుతారు.

మేత స్పిరులినా (ఒక రకం నాచు) ఉన్నదే ముఖ్యం, బూనాలు ఎక్కువగా రాళ్ళ మీద నాచు గీరుకుని తినే జాతి. మాంసం, బ్లడ్‌వర్మ్స్ అనే ఎర్ర పురుగులు రోజూ పెడితే పొట్ట ఉబ్బి చనిపోయే ప్రమాదం ఉంది. వారానికి మూడోవంతు నీళ్ళు మార్చండి.

మే నెలలో నీళ్ళు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, మూత తీసి నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పండి, తీసిన మూత బదులు దోమల జాలీ వేయండి, లేకపోతే దూకేస్తాయి. కరెంట్ పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉండి తీరాలి.

అన్నీ కుదిరితే ఒకరోజు ఒక ఆడ చేప మేతకి రాదు. జబ్బనుకుని మందు వేయకండి. దగ్గరికెళ్ళి చూడండి, గొంతు కింద సంచిలా ఉబ్బి ఉంటుంది, ఖాళీ నోరు నమిలినట్టు దవడ ఆడిస్తుంటుంది, అది నోట్లో గుడ్లు తిప్పుకోవడం. దాదాపు మూడు వారాలు తిండి సరిగ్గా లేకుండా అలాగే మోస్తుంది. పిల్లలు దక్కాలంటే రెండు వారాలు దాటాక దాన్ని వేరే ట్యాంక్‌కి మార్చండి, పగలు వలతో తరిమితే భయపడి ఉమ్మేస్తుంది, అందుకే నేను రాత్రి లైట్లన్నీ ఆపేసి చిన్న టార్చ్‌తో, అది రాయి పక్కన మగతగా ఉన్నప్పుడు మెల్లగా కప్పు ముంచి నీళ్ళతో సహా ఎత్తుతా.