పడక సీనులో శ్రుతి కుదిరిన విధం

మా ఔత్సాహిక నాటక సమాజం తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు నాటకాల నుండి పడక సీనును (నిద్రిస్తున్న కృష్ణుడి సాయం కోరి దుర్యోధనుడు, అర్జునుడు వచ్చే ఘట్టాన్ని) సిద్ధం చేస్తున్నప్పుడు, శ్రీకృష్ణుడు పద్యం ముగించి దుర్యోధనుడు అందుకునే ప్రతిచోటా సన్నివేశం చప్పబడిపోయేది. లోపం గొంతుల్లో లేదు. కృష్ణ పాత్రధారి ఒకటిన్నర శ్రుతిలోను (శ్రుతి అంకె గాయకుడి ‘స’ హార్మోనియంపై ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది; ‘అర’లు నల్ల మెట్లు), దుర్యోధన పాత్రధారి ఐదు శ్రుతిలోను పాడుతుండడంతో హార్మోనిస్టు పద్యం పద్యానికీ ఆధార స్వరాలు మార్చవలసి వచ్చేది. ఆ మార్పులో తెగిన నాదాన్ని చెవి మళ్లీ పట్టుకునేలోపు వాదంలోని వేడి చల్లారేది.

దుర్యోధన పాత్రధారిని అర శ్రుతి తగ్గించి నాలుగున్నరకు రమ్మని కోరాను. అప్పుడు ఒకటిన్నర, నాలుగున్నర మెట్లను కలిపి నొక్కి ఉంచితే, అవే కృష్ణుడికి షడ్జమ మధ్యమాలు (స, మ), దుర్యోధనుడికి పంచమ షడ్జమాలు (ప, స) అవుతాయి కనుక, కాళ్లతో తొక్కే హార్మోనియం మీద ఎడమచేతి వేళ్లు కదపనక్కరలేదు. ఆయన మొదట ఒప్పుకోలేదు (వన్స్‌మోర్లు తగ్గుతాయన్న బెంగ పద్యనాటక నటులకు సహజమే), కాని శార్దూల పద్యం చివరి పాదంలో గొంతు బిగుసుకోవడం పోయిందని తరువాత తానే చెప్పారు. అర్జునుడికి మాత్రం ఈ కిటుకు పనిచేయలేదు. ఆయన శ్రుతి మూడు కావడంతో, ఆయన పద్యాలకు ముందున్న వచనాన్ని కత్తిరించకుండా ఉంచి, ఆ వ్యవధిలో హార్మోనిస్టు శ్రుతి మార్చుకునేలా ఏర్పాటు చేశాను.