ప్రైవేటు పార్కింగ్ నోటీసు వచ్చినప్పుడు: కట్టాలా, సవాలు చేయాలా?

బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్, రిటైల్ పార్కు, ఆసుపత్రి, అపార్ట్‌మెంట్ల ఆవరణ వంటి ప్రైవేటు స్థలంలో కారు నిలిపిన కొద్ది రోజులకు, వంద పౌండ్లు చెల్లించాలని, త్వరపడితే అరవైతో సరిపోతుందని ఇంటికి ఒక నోటీసు వస్తుంది. దాన్ని చూడగానే కొందరు భయపడి ఆ రాత్రే కట్టేస్తారు. మరికొందరు, ప్రైవేటు కంపెనీ మనల్ని ఏమీ చేయలేదని ఎవరో చెప్పిన పాత మాటను నమ్మి కాగితాన్ని పక్కన పడేస్తారు. ఈ రెండింటిలో ఏదీ నిర్ణయం అనిపించుకోదు. నోటీసు పంపింది ఎవరు, వారు ఎవరి నుంచి డబ్బు అడుగుతున్నారు, ఏ ఒప్పందం ఆధారంగా అడుగుతున్నారు అన్న మూడు విషయాలు తేలిన తర్వాతే కట్టడమా, సవాలు చేయడమా అన్నది నిశ్చయించుకోవాలి. ఇందుకు ఒక సాయంత్రం చాలు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టం వేరు.

ముందుగా నోటీసు పైభాగాన్ని శ్రద్ధగా చదవండి. కౌన్సిల్ పంపేది పెనాల్టీ చార్జ్ నోటీసు, ప్రైవేటు కంపెనీ పంపేది పార్కింగ్ చార్జ్ నోటీసు. రెండింటినీ పీసీఎన్ అనే పిలుస్తారు, చూడటానికి కూడా ఒకేలా ఉంటాయి, కానీ వాటి వెనక ఉన్న అధికారం పూర్తిగా వేరు. కౌన్సిల్ నోటీసుకు చట్టం ఇచ్చిన బలం ఉంటుంది, దాని అప్పీలు మార్గం కూడా వేరు. ఈ వ్యాసం దాని గురించి కాదు. ప్రైవేటు కంపెనీ పంపేది జరిమానా కాదు. బోర్డు మీద రాసిన షరతులకు ఒప్పుకొని కారు నిలిపారు, ఆ షరతు తప్పారు, కాబట్టి మాకు ఇంత బాకీ పడ్డారు అని ఆ కంపెనీ చేస్తున్న సివిల్ వాదన మాత్రమే. ఇది నేరం కాదు, పోలీసు రికార్డులోకి ఎక్కదు, లైసెన్సు మీద పాయింట్లు పడవు. వీసా మీద ఉన్నవారు ముఖ్యంగా ఈ భయంతోనే అడిగినంత కట్టేస్తుంటారు కనుక ఈ మాట స్పష్టంగా చెప్పవలసి వస్తోంది. అయితే వ్యవహారం కోర్టు దాకా వెళ్లి తీర్పు వస్తే సంగతి వేరు. పౌరసత్వ దరఖాస్తులో సివిల్ తీర్పుల గురించి కూడా అడుగుతారు. భయపడవలసింది నోటీసుకు కాదు, పట్టించుకోకుండా వదిలేసిన నోటీసు ఎక్కడికి దారి తీస్తుందో దానికి.

రెండో విషయం, డబ్బు ఎవరి నుంచి అడుగుతున్నారన్నది. ఒప్పందం అంటూ ఉంటే అది కారు నిలిపిన డ్రైవరుతోనే ఉంటుంది. కానీ కంపెనీ దగ్గర ఉన్నది కెమెరా తీసిన నంబర్ ప్లేట్ ఫోటో, దాని ఆధారంగా వాహనాల రికార్డులు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ ఇచ్చిన రిజిస్టర్డ్ కీపర్ (ఆ రికార్డులో వాహనం ఎవరి పేరున ఉందో ఆ వ్యక్తి) పేరు, చిరునామా మాత్రమే. డ్రైవరు ఎవరో తెలియనప్పుడు కీపర్ నుంచి డబ్బు రాబట్టుకునే హక్కును 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగో షెడ్యూలు కల్పించింది. ప్రైవేటు స్థలాల్లో చక్రాలకు క్లాంపులు వేయడాన్ని నిషేధించిందీ ఆ చట్టమే. అయితే ఆ హక్కు షరతులతో కూడుకున్నది. కారు అద్దం మీద నోటీసు పెట్టకుండా నేరుగా పోస్టులో పంపితే, కారు నిలిపిన మరుసటి రోజు నుంచి లెక్కించి 14 రోజుల్లోగా అది కీపర్‌కు అందాలి. ఒకటో తేదీన కారు నిలిపితే పదిహేనో తేదీలోగా అందాలన్నమాట. పోస్టు చేసిన రోజు తర్వాత రెండో పనిదినాన అందినట్టు చట్టం భావిస్తుంది కాబట్టి, నోటీసు మీద ఉన్న జారీ తేదీని చూసి ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. కవరును పారేయకండి. అద్దం మీద ముందే నోటీసు పెట్టి ఉంటే, కీపర్‌కు పంపే నోటీసు ఆ తర్వాత 29వ రోజుకు, 56వ రోజుకు మధ్య అందాలి. ఆ గడువు తప్పినా, చట్టం చెప్పమన్న వివరాలు నోటీసులో లేకపోయినా కీపర్ మీద బాధ్యత నిలవదు. కంపెనీకి ఇక మిగిలేది డ్రైవరు మాత్రమే.

అందుకే మీరు రాసే మొదటి ఉత్తరంలో వాడే క్రియాపదం చాలా ముఖ్యం. “నేను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను” అని రాస్తే డ్రైవరు మీరేనని ఒప్పుకున్నట్టే, దాంతో పై రక్షణ మొత్తం పోతుంది. “ఈ వాహనానికి నేను రిజిస్టర్డ్ కీపర్‌ని, డ్రైవరు ఆ సమయంలో బయటికి వచ్చారు” అని రాస్తే రక్షణ నిలుస్తుంది. డ్రైవరు పేరు ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలన్న నిర్బంధం చట్టంలో లేదు. చెప్పకపోవడం మీ హక్కు, అబద్ధం చెప్పడం మాత్రం హక్కు కాదు. కారు నడిపింది మరొకరని కల్పించి రాయవద్దు. నేను చూసినంతలో గెలవవలసిన వారు ఓడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం, మర్యాద కోసం జరిగిందంతా ‘నేను’ అంటూ పూసగుచ్చినట్టు రాసి పంపడమే. మరొక సంగతి: సొంత బైలాలు (చట్టబలం ఉన్న స్థానిక నియమాలు) ఉన్న విమానాశ్రయాలు, రైల్వే స్టేషన్ల వంటి స్థలాలకు ఈ నాలుగో షెడ్యూలు వర్తించదు కనుక అక్కడ ఈ చట్టం కింద కీపర్‌ను బాధ్యుణ్ని చేయడం కుదరదు. అద్దె కారుకూ లీజు కారుకూ నోటీసు మొదట ఆ సంస్థకే వెళుతుంది. ఆ సంస్థ మీకు చెప్పకుండానే కట్టేసి, పైన తన రుసుము కలిపి మీ ఖాతాలో వేసే ప్రమాదం ఉంది కాబట్టి వారితో వెంటనే మాట్లాడండి.

ఇక మూడోది, అన్నిటికంటే లోతైనది, ఒప్పందం. ఇది అర్థం కావాలంటే పార్కింగ్ఐ అనే పార్కింగ్ కంపెనీ, బేవిస్‌ల మధ్య 2015 నవంబరు 4న బ్రిటన్ సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు తెలిసి ఉండాలి. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల పార్కింగ్ ఉచితం. బ్యారీ బేవిస్ అనే ఆయన కారు 56 నిమిషాలు ఎక్కువ ఉంది, కంపెనీ 85 పౌండ్లు అడిగింది. అంత మొత్తం కంపెనీకి జరిగిన నష్టానికి ఏ మాత్రం సంబంధం లేని శిక్ష అని ఆయన వాదించారు. స్థలం అందరికీ అందేలా, కార్లు కదులుతూ ఉండేలా చూడటంలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనం ఉందని, 85 పౌండ్లు మితిమీరినది కాదని కోర్టు తేల్చింది. అందుచేత “టికెట్ ధర రెండు పౌండ్లే కదా, వంద ఎలా అడుగుతారు” అన్న వాదన ఒక్కదాన్నే నమ్ముకొని అప్పీలుకు వెళ్లవద్దు. ఆ తలుపు 2015లోనే మూసుకుపోయింది. కానీ అదే తీర్పులో మనకు పనికివచ్చేది ఒకటుంది: అక్కడి బోర్డులు పెద్దవిగా, స్పష్టంగా, చార్జీ మొత్తం కొట్టొచ్చినట్టు కనిపించేలా ఉన్నాయి కాబట్టే ఒప్పందం కుదిరిందని కోర్టు భావించింది. మీరు నిలిపిన చోట అలా లేకపోతే బేవిస్ తీర్పు మీకు వ్యతిరేకం కాదు, మీ పక్షాన ఉంటుంది.

కాబట్టి వీలైతే ఆ చోటికి మళ్లీ వెళ్లండి, అదీ నోటీసులో ఉన్న సమయానికే వెళ్లండి. చీకట్లో నిలిపిన కారుకు మధ్యాహ్నం తీసిన బోర్డు ఫోటో సాక్ష్యం కాదు. కంపెనీ పంపే ఫోటోలు సాధారణంగా మంచి వెలుతురులో, దగ్గర నుంచి తీసినవే ఉంటాయి. ప్రవేశద్వారం దగ్గర బోర్డు ఉందా, డ్రైవరు సీట్లో కూర్చున్న వ్యక్తికి అది కనిపిస్తుందా, చెట్టుకొమ్మలు అడ్డం ఉన్నాయా, చార్జీ మొత్తాన్ని ఎంత చిన్న అక్షరాల్లో రాశారు, కారు ఉన్న చోటు నుంచి దగ్గరి బోర్డు ఎన్ని అడుగుల దూరంలో ఉంది అన్నవన్నీ ఫోటోల్లోకి రావాలి. బోర్డులో ఉన్న మాటల్ని కూడా చదవండి. “పర్మిట్ ఉన్నవారికి మాత్రమే, ఇతరులకు ప్రవేశం లేదు” అని మాత్రమే ఉంటే, పర్మిట్ లేనివారికి కంపెనీ ఏ అవకాశమూ ఇవ్వలేదు కనుక వారితో ఒప్పందమే లేదని వాదించవచ్చు. ఈ వాదనను న్యాయమూర్తులందరూ ఒకేలా చూడలేదు కాబట్టి దీన్ని ఒంటరిగా కాక ఇతర కారణాలతో కలిపి చెప్పడం మంచిది. మీరు అద్దెకు ఉంటున్న ఫ్లాటుకు కేటాయించిన స్థలంలోనే నోటీసు వచ్చిందంటే, ముందు మీ అద్దె ఒప్పందాన్ని తీసి చదవండి. పార్కింగ్ హక్కు అందులోనే షరతులు లేకుండా ఉంటే, తర్వాత వచ్చిన పార్కింగ్ కంపెనీ తన బోర్డుతో దాన్ని తీసివేయలేదన్న వాదన బలమైనది.

కెమెరాలు లెక్కపెట్టేది కారు నిలిచిన సమయాన్ని కాదు, గేటులోకి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా గడిచిన సమయాన్ని. ఖాళీ కోసం తిరగడం, బయటికి వెళ్లే వరుసలో ఇరుక్కోవడం అన్నీ అందులో కలుస్తాయి. ఒకే రోజు రెండుసార్లు వచ్చి వెళితే, మధ్యలో బయటికి వెళ్లిన ఫోటో తప్పిపోయి, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా కారు అక్కడే ఉన్నట్టు నోటీసు రావడం కూడా జరుగుతుంది. అప్పుడు మధ్యలో మీరు వేరేచోట ఉన్నట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్ లొకేషన్ చరిత్ర, డాష్‌క్యామ్ రికార్డింగు వంటివి వ్యవహారాన్ని అక్కడికక్కడే ముగిస్తాయి. పార్కింగ్ కంపెనీల రెండు సంఘాలు, బీపీఏ, ఐపీసీ, కలిసి ఒకే నియమావళిని 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చాయి. దాని ప్రకారం చార్జీ సాధారణంగా వంద పౌండ్లు మించకూడదు, 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గించాలి, పార్కింగ్ గడువు ముగిశాక బయలుదేరడానికి కనీసం పది నిమిషాల వెసులుబాటు ఇవ్వాలి. నంబరు టైపు చేసేటప్పుడు సున్నాకు బదులు అక్షరం పడటం వంటి చిన్న పొరపాటు అయితే, డబ్బు కట్టిన ఆధారం చూపగానే నోటీసును రద్దు చేయాలి. ఇలాంటివాటిలో సవాలు చేయాలా అని ఆలోచించవలసిన పని కూడా లేదు, చేయాలి.

వైకల్యం ఉన్నవారికి పార్కింగ్ కోసం ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ ప్రైవేటు స్థలంలో తనంతట తాను చెల్లదన్నది నిజం. అయినా వైకల్యం వల్ల ఎక్కువ సమయం పట్టినవారికి 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం సముచితమైన సడలింపు ఇవ్వవలసిన బాధ్యత కంపెనీ మీద ఉంటుంది. పెద్ద వయసు తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు వచ్చిన నోటీసుల్ని మనవాళ్లు మౌనంగా కట్టేస్తుంటారు. అపాయింట్‌మెంట్ ఉత్తరం జతచేసి అడగండి, ఆసుపత్రి యాజమాన్యానికి కూడా రాయండి. ఆ మాటకొస్తే, దుకాణంలో కొనుగోలు చేసిన రసీదు ఉన్న ఎవరైనా పార్కింగ్ కంపెనీ కంటే ముందు ఆ దుకాణం మేనేజరుకు, స్థల యజమానికి రాయడం మంచిది. తమ కస్టమరు నోటీసును రద్దు చేయమని కంపెనీకి చెప్పగలిగినవారు వారే, చాలా సందర్భాల్లో అతి తక్కువ శ్రమతో పని పూర్తయ్యేది అక్కడే.

ఇవన్నీ చూశాక లెక్క వేసుకోండి. కంపెనీకి మొదట చేసే అప్పీలుకు ఖర్చు లేదు. 14 రోజుల్లోగా చేస్తే, వారు తిరస్కరించినా తగ్గింపు ధరకు కట్టే అవకాశాన్ని సాధారణంగా మరో 14 రోజులు ఇస్తారు. తిరస్కరణ ఉత్తరంలో ఆ తేదీ ఉందో లేదో చూసుకోండి. కాబట్టి ఏ చిన్న ఆధారం ఉన్నా ఈ మెట్టు దాకా వెళ్లడంలో నష్టం లేదు. అసలు నిర్ణయం ఆ తర్వాతే. కంపెనీ బీపీఏ సభ్యురాలైతే పోప్లా అనే అప్పీలు సంస్థకు, ఐపీసీ సభ్యురాలైతే ఐఏఎస్ అనే అప్పీలు సంస్థకు వెళ్లవచ్చు. పోప్లాకు వెళ్లడానికి తిరస్కరణ తర్వాత 28 రోజుల గడువు ఉంటుంది, వాహనదారుకు అది ఉచితం, దాని నిర్ణయానికి కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడనక్కర్లేదు. అయితే అక్కడికి వెళితే తగ్గింపు పోతుంది. అంటే మీరు పణంగా పెడుతున్నది 40 పౌండ్లు. గడువు దాటిన నోటీసు, కనిపించని బోర్డు, డబ్బు కట్టిన రసీదు వంటి గట్టి ఆధారం చేతిలో ఉంటే ఆ 40 పౌండ్లు పణంగా పెట్టదగినవే. “కొద్ది నిమిషాలే ఆలస్యమైంది”, “బోర్డు ఉంది గానీ నేను చదవలేదు” అన్నవి మాత్రమే మీ కారణాలైతే, తగ్గింపు గడువు లోపు కట్టి ఆ విషయం మరిచిపోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

అప్పీలు చిన్నదిగా, ఫిర్యాదు స్వరం లేకుండా, ఒక్కో కారణానికి ఒక్కో ఆధారం జతచేసి రాయండి. స్థల యజమాని తరఫున చార్జీలు వసూలు చేసే అధికారం తమకు ఉందని చూపే ఒప్పందాన్ని కూడా కంపెనీ నుంచి కోరండి. ఆన్‌లైన్ ఫారంలో ‘డ్రైవర్’ అని టిక్కు పెట్టించే గడి ఉంటే జాగ్రత్త. పంపిన ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి.

అప్పీలులో ఓడినా కట్టకూడదనుకుంటే, తర్వాత వచ్చే ఉత్తరాలలో ఏది బెదిరింపు, ఏది కోర్టు ప్రక్రియ అన్న తేడా తెలిసి ఉండాలి. బాకీ వసూలు సంస్థలు ఎర్ర అక్షరాలతో, మరో 70 పౌండ్ల దాకా కలిపి రాసే ఉత్తరాలకు జడవనక్కర్లేదు. వారు కోర్టు అధికారులు కారు, ఇంటికి వచ్చి సామాన్లు తీసుకువెళ్లే అధికారం వారికి లేదు, ఆ దశలో మీ క్రెడిట్ రికార్డు మీద మచ్చ కూడా పడదు. కానీ దావా వేసే ముందు పంపే ‘లెటర్ బిఫోర్ క్లెయిమ్’ వస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కౌంటీ కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే 14 రోజుల్లో అందినట్టు తెలియజేయాలి, అప్పుడు ప్రతివాదన దాఖలు చేయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. కంపెనీకి దావా వేయడానికి ఆరేళ్ల వ్యవధి ఉంటుంది కనుక కాగితాలన్నీ అంతకాలం దాచండి. కేసు చిన్న క్లెయిముల విభాగంలో నడుస్తుంది కాబట్టి ఓడినా ఎదుటివారి లాయరు ఖర్చులన్నీ మీ నెత్తిన పడవు. అసలు మొత్తానికి కోర్టు ఫీజులు, పరిమితమైన ఖర్చులు మాత్రమే కలుస్తాయి.

అన్నిటికంటే తీవ్రమైన నష్టం ఇల్లు మారినవారికి జరుగుతుంది. చదువుకో ఉద్యోగానికో ఊళ్లు మారుతూ ఉండే మనవాళ్లు లైసెన్సు మీద చిరునామా మారుస్తారు గానీ, కారు రిజిస్ట్రేషన్ పత్రమైన వీ5సీలో మార్చడం మరిచిపోతారు. ఇవి రెండు వేర్వేరు రికార్డులు. నోటీసు, ఆ తర్వాత క్లెయిమ్ ఫారం పాత ఇంటికి వెళతాయి, జవాబు లేదు కనుక కోర్టు ఏకపక్షంగా తీర్పు ఇస్తుంది, ఇల్లు కొనడానికి లోను అడిగినప్పుడు గానీ అది బయటపడదు. వీ5సీలో చిరునామా మార్చడం ఉచితం, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. తీర్పు వచ్చేసి ఉంటే, ఇచ్చిన తేదీ నుంచి ఒక నెలలోగా మొత్తం చెల్లిస్తే కోర్టు తీర్పుల రిజిస్టరు నుంచి దాన్ని తొలగిస్తారు, ఆ గడువు దాటితే ఆరేళ్లు ఉంటుంది. కాగితాలు పాత చిరునామాకు వెళ్లడం వల్లే మీకు తెలియలేదని చూపగలిగితే, ఆ తీర్పును రద్దు చేసి వాదన వినమని కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెలిసిన రోజునే ఆ పని మొదలుపెట్టాలి, ఎందుకంటే మీరు ఎంత త్వరగా స్పందించారన్నది కూడా న్యాయమూర్తి చూస్తారు.