కుండీ మార్చిన తర్వాత ఆర్కిడ్ వేళ్ల సంరక్షణ

ఆర్కిడ్‌కు కుండీ మార్చాక ముందుగా అదుపులో పెట్టుకోవలసింది నీళ్లు పోసే చేతినే. ఫెలనాప్సిస్ వంటి రకాలు అడవిలో చెట్ల కొమ్మలను కరచుకుని పెరుగుతాయి కాబట్టి, వాటి వేళ్లు వానకు తడిసి, గాలికి ఆరడానికి అలవాటు పడి ఉంటాయి. వేరును చుట్టి ఉండే వెలమెన్ అనే స్పాంజి వంటి పొర నీటిని చాలా త్వరగా పీల్చుకుంటుంది. అయితే ఆ పొర ఎడతెగని తడిలో నానితే లోపలి వేరుకు గాలి అందక కుళ్లు మొదలవుతుంది.

కుండీ మార్చేటప్పుడు ఎంత సున్నితంగా పట్టుకున్నా కొన్ని వేళ్లు విరుగుతాయి, మెత్తబడి గోధుమరంగుకు తిరిగినవాటిని మనమే కత్తిరిస్తాం. ఆ గాయాలు మానేందుకు మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపి, మొక్కను ఎండ నేరుగా తగలని చోట ఉంచాలి. ఈ లోగా ఆకులు కొద్దిగా వాడితే వాటిపై సన్నని తుంపర చల్లవచ్చు గాని, ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలవనీయరాదు. గాయాలపై దాల్చినచెక్క పొడి అద్దే అలవాటు చాలామందికి ఉంది. అది తేమను లాగేస్తుంది కనుక ఆరోగ్యంగా ఉన్న వేళ్లకు అంటకుండా చూసుకోవాలి.

ఆ తర్వాత ఎన్ని రోజులకొకసారి నీళ్లు పోయాలన్న ప్రశ్నకు క్యాలెండర్ కన్నా వేళ్లే నమ్మదగిన జవాబు చెబుతాయి. తడిసిన వేరులో లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది, ఆరిన వేరు వెండి రంగుకు మారుతుంది. పారదర్శకమైన కుండీని నేను ఇష్టపడేది ఇందుకే. కుండీలోంచి వేళ్లు కనిపించకపోతే ఒక సన్నని పుల్లను లోపలికి గుచ్చి, కాసేపటికి తీసి చూడాలి; పుల్ల చెమ్మగా ఉంటే ఆగాలి. కుండీలో మట్టికి బదులు వేసే కొత్త బెరడు ముక్కలు మొదట్లో నీటిని పట్టుకోవు కాబట్టి, వాటిని ముందు రోజే నానబెట్టి వాడితే వేళ్లు ఎండిపోయే ప్రమాదం తగ్గుతుంది. అడుగున పళ్లెంలో నీరు నిలిచి ఉంటే వెంటనే పారబోయాలి.

చాలామంది పట్టించుకోని విషయం మొక్క కదలిక. కుండీలో మొక్క ఊగుతుంటే అప్పుడే పుట్టిన వేరు కొనలు బెరడుకు రాసుకుని చితికిపోతాయి, చితికిన కొన మళ్లీ సాగదు. కనుక ఊతకర్రకు వదులుగా కట్టి మొక్కను నిలబెట్టాలి. వేళ్లు ఎలా ఉన్నాయో చూడాలన్న ఆతృతతో దాన్ని పైకి లాగడం కూడా అంతే హాని చేస్తుంది. కుండీ బయటికి వచ్చిన గాలి వేళ్లను లోపలికి వంచకుండా అలాగే వదిలేయాలి.

ఆకులు ముడతలు పడితే దాహమని భావించి మరిన్ని నీళ్లు పోయడం సహజమే. కానీ వేళ్లు కుళ్లిన మొక్క నీటి మధ్య ఉన్నా తాగలేదు, అప్పుడూ ఆకులు అలాగే ముడుచుకుంటాయి. కాబట్టి వేళ్ల రంగు చూడకుండా నీళ్లు పోయకూడదు. ఎరువును కూడా ఆకుపచ్చని లేదా ఎర్రటి కొత్త వేరు కొనలు కనిపించేదాకా ఆపి, ఆ తర్వాత డబ్బాపై సూచించిన మోతాదులో నాలుగో వంతుతో ప్రారంభించాలి.