మాంటే కార్లో డోసు లెక్క త్వరగా తేలాలంటే

విజయవాడలోనో గుంటూరులోనో మెడికల్ ఫిజిక్స్ చదువుతూ, క్యాన్సర్ చికిత్సలో రోగికి అందే రేడియేషన్ డోసును కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వారి ఈజీఎస్‌ఎన్‌ఆర్‌సీ అనే మాంటే కార్లో ప్రోగ్రామ్‌తో (కణాల ప్రయాణాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో ఒక్కొక్కటిగా అనుకరించేది) లెక్కగట్టే విద్యార్థులు, రాత్రంతా నడిచినా పని తెమలడం లేదని కొత్త కంప్యూటర్ కొనే ముందు, ఎలక్ట్రాన్ కటాఫ్ శక్తిని, అంటే ఈకట్ విలువను, ఒకసారి చూసుకోవడం మంచిది. ఇందులో ఎలక్ట్రాన్ నిశ్చల శక్తి (కదలకున్నా దానికి ఉండే శక్తి) 0.511 ఎంఈవీ (1 ఎంఈవీ అంటే 1000 కేఈవీ) కూడా కలిసే ఉంటుంది కనుక, 0.521 అని ఇస్తే గతిశక్తి 10 కేఈవీకి పడిపోయేదాకా ప్రతి ఎలక్ట్రాన్‌నూ ప్రోగ్రామ్ వెంటాడుతుంది, 0.7 అని ఇస్తే 189 కేఈవీ వద్దే వదిలేసి, మిగిలిన శక్తిని అక్కడే జమ చేస్తుంది. అంత శక్తి గల ఎలక్ట్రాన్ నీటిలో అర మిల్లీమీటరు కూడా పోదు కాబట్టి, శరీరాన్ని లెక్క కోసం విడగొట్టిన 2, 3 మిల్లీమీటర్ల చిన్న ఘనాల్లో, అంటే వోక్సెల్స్‌లో డోసు చూసుకునేవారికి తేడా దాదాపు కనిపించదు, సమయం మాత్రం బాగా కలిసివస్తుంది. అయితే గాలి గదితో రేడియేషన్‌ను కొలిచే అయాన్ ఛాంబర్ లెక్కలకు ఈ వెసులుబాటు పనికిరాదు, ఎందుకంటే అదే ఎలక్ట్రాన్ గాలిలో పదుల సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది.

ఫలితంలోని గణాంక అనిశ్చితి సగానికి తగ్గాలంటే హిస్టరీలు, అంటే ప్రోగ్రామ్ మొదటి నుంచి చివరిదాకా వెంటాడే కణాల సంఖ్య, 4 రెట్లు పెంచాలి. వోక్సెల్ భుజాన్ని 2 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచితే ఘనపరిమాణం 8 రెట్లవుతుంది గనుక, అదే అనిశ్చితికి చాలా తక్కువ హిస్టరీలు చాలు. కాకపోతే డోసు నిటారుగా పడిపోయే రేడియేషన్ క్షేత్రపు అంచు వద్ద వివరం మసకబారుతుంది, అక్కడ నేనైతే ఈ బేరానికి ఒప్పుకోను.

అన్నట్టు, రోహిణి కార్తెలో బెజవాడ ఎండకు ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది కనుక, పెద్ద లెక్కలను రాత్రి వేళకు వాయిదా వేసుకోవడం ఉత్తమం.