అమెరికా టౌన్ కౌన్సిల్‌లో తీర్మానం పెట్టడం, ఓటింగ్ నడపడం

అమెరికాలో టౌన్ కౌన్సిల్‌కు కొత్తగా ఎన్నికైన తెలుగువాళ్లకు తీర్మానం నడిచే వరస ఒక పట్టాన కొరుకుడుపడదు. చాలా కౌన్సిళ్లు సభలు నడిపే నియమాల పుస్తకం ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ను అనుసరిస్తాయి. హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు 1876లో దాన్ని తెచ్చాడు. 12వ కూర్పు 2020లో వచ్చింది. రాష్ట్ర చట్టం, టౌన్ చార్టర్ (టౌన్ పాలనకు మూల పత్రం), కౌన్సిల్ సొంత నియమావళి మాత్రం దానికంటే పైన. అందుకే ముందుగా టౌన్ క్లర్క్ దగ్గర చార్టరూ నియమావళీ తీసుకుని, కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య), ఓటింగ్ భాగాలు చదువుకోండి.

వేరే నియమం లేకపోతే కోరం అంటే సగం కంటే ఎక్కువమంది. ఏడుగురి కౌన్సిల్‌లో నలుగురు ఉండాలి. మధ్యలో ఒకరు లేచి వెళ్లి ముగ్గురే మిగిలితే ఓటింగ్ పెట్టకూడదు.

తీర్మానాన్ని ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకురండి. “పిచ్ సంగతి చూడాలి” అంటే తీర్మానం కాదు. “స్కూలు పక్క పార్కులో క్రికెట్ పిచ్ వేయడానికి 40,000 డాలర్ల వరకు మంజూరు చేయాలి” అంటే తీర్మానం. ఎంత, ఎక్కడ, దేనికి అన్నది అందులోనే ఉండాలి. ఒక కాపీ క్లర్క్‌కు ఇవ్వండి.

మేయర్ మీ పేరు పిలిచాక “ఐ మూవ్ దట్” అని మొదలుపెట్టి చదవండి. ఇంకొకరు “సెకండ్” అనాలి. బలపరిచినవాళ్లు దాన్ని సమర్థించాలని లేదు; చర్చకు రానిద్దాం అని మాత్రమే దానర్థం. ఆ తర్వాత మేయర్ తీర్మానాన్ని పూర్తిగా చదివి వినిపించాలి. ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ మెట్టునే, గొడవలన్నీ పుట్టేదీ ఇక్కడే. మేయర్ చదివేదాకా తీర్మానం మీది: మార్చుకోవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. చదివాక అది కౌన్సిల్‌ది. ఆ తర్వాత ఎవరో “ఫ్రెండ్లీ అమెండ్‌మెంట్” అంటూ, మీ ఒప్పుదలతోనే మార్చేద్దామని అడిగితే, మీరు తలూపినంత మాత్రాన చెల్లదు. ఒక్కరు అభ్యంతరం చెప్పినా దాన్ని మామూలు సవరణగానే నడపాలి.

చర్చలో ఒక్కొక్కరికి రెండుసార్లు, సారికి 10 నిమిషాలు. తీర్మానం పెట్టినవాళ్లు దానికి వ్యతిరేకంగా మాట్లాడకూడదు. ఓటు మాత్రం వ్యతిరేకంగా వేయొచ్చు. సుమారు 12 మందికి మించని చిన్న బోర్డుల్లో బలపరచడం అక్కర్లేదు, ఎన్నిసార్లయినా మాట్లాడొచ్చు, అధ్యక్షులు కూడా తీర్మానం పెట్టి ఓటు వేయొచ్చు. మీ కౌన్సిల్ నియమావళి ఈ సడలింపులు ఇస్తుందో లేదో చూసుకోండి.

సవరణ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. “40,000 తీసేసి 30,000 పెట్టాలి” అని ఒకరు ప్రతిపాదించారనుకోండి. బలపరచడం, చర్చ అయ్యాక ముందు ఆ సవరణకే ఓటింగ్. అది నెగ్గితే పిచ్ మంజూరైనట్టు కాదు. అంకె మాత్రమే మారింది. మేయర్ వెంటనే “ఇప్పుడు మన ముందున్నది 30,000 డాలర్ల తీర్మానం” అని చెప్పి, దాని మీద చర్చ కొనసాగించి, విడిగా ఓటింగ్ పెట్టాలి. ఈ రెండో ఓటు మర్చిపోయి తర్వాతి అంశానికి వెళ్లిపోతే మంజూరు జరగనట్టే. సవరణకు సవరణ పెట్టొచ్చు, దానికి మళ్లీ సవరణ కుదరదు.

“కాల్ ది క్వశ్చన్” (చర్చ ముగించి ఓటింగ్ పెట్టండి) అని ఎవరో కేకేస్తే చర్చ ఆగిపోదు. దాన్ని బలపరచాలి, మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. లెక్క తేలిక: అవును ఓట్లు కాదు ఓట్లకు కనీసం రెట్టింపు ఉండాలి. 4-2 అయితే చర్చ ముగుస్తుంది, 4-3 అయితే సాగుతుంది. వచ్చే మీటింగుకు వాయిదా వేయాలంటే ఆ మాటే తేదీతో సహా అనండి. “టేబుల్” చేయడం అత్యవసరమైన వేరే పని అడ్డొచ్చినప్పుడు కాసేపు పక్కన పెట్టడానికే. చర్చ లేకుండా తీర్మానాన్ని నొక్కేయడానికి దాన్ని వాడటం అన్యాయం. అలా జరిగితే వెంటనే పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పారనే అభ్యంతరం) లేవనెత్తండి. ఆలస్యమైతే ఆ అభ్యంతరం నిలవదు.

ఓటింగ్‌లో అవును, కాదు రెండూ అడగాలి. మూజువాణి ఓటుపై అనుమానముంటే ఏ ఒక్క సభ్యుడైనా “డివిజన్”, అంటే లేచి నిలబడి మళ్లీ ఓటు వేయడం, కోరవచ్చు. కాలిఫోర్నియాలో బహిరంగ సమావేశాల చట్టమైన బ్రౌన్ యాక్ట్ కింద కౌన్సిల్‌లో రహస్య ఓటింగ్ కుదరదు. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోతుంది.

తటస్థంగా ఉండడం ఎప్పుడూ తటస్థం కాదు. ఏడుగురిలో ఐదుగురు వచ్చారు, ఇద్దరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, ఇద్దరు తటస్థం. రాబర్ట్స్ ప్రకారం పడిన ఓట్లలో మెజారిటీ చాలు, కాబట్టి 2-1తో నెగ్గింది. మొత్తం సభ్యుల్లో మెజారిటీ కావాలని మీ చార్టర్ చెబితే నాలుగు ఓట్లు రావాలి. అప్పుడు ఓటు వేయని ఆ ఇద్దరూ కాదన్నట్టే లెక్క. మంజూరుకు ఏ లెక్క వర్తిస్తుందో ఓటింగ్‌కు ముందే టౌన్ అటార్నీని అడిగి తేల్చుకోండి.

ఫలితాన్ని మళ్లీ పరిశీలించమని అడిగే హక్కు గెలిచిన పక్షాన ఓటు వేసినవాళ్లకే ఉంటుంది. బలపరచడం ఎవరైనా చేయొచ్చు.

మీటింగ్ ముగిశాక మినిట్స్ ముసాయిదా చూడండి. తీర్మానం తుది పాఠం, పెట్టినవాళ్ల పేరు, ఫలితం ఉండాలి. ఎవరేం వాదించారన్నది అక్కర్లేదు. సవరించిన అంకె 30,000 అని పడిందో, పాత 40,000 అలాగే మిగిలిపోయిందో చూసి, తేడా ఉంటే వచ్చే మీటింగులో మినిట్స్ ఆమోదించే ముందే సరిచేయించండి.