"ఎంత పర్సెంట్ అండి?" అని మాత్రం అడగకండి

ఆటిజం ఉన్న పిల్లలు ఎదురైతే చాలామంది ముందు అడిగేది ఇదే, అంటే వైకల్యం ఎంత శాతం అని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజంతో కలిపి 21 రకాల వైకల్యాలున్నాయి, రిజర్వేషన్‌కి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, సర్టిఫికెట్‌లో ఆ నంబర్ అవసరమే, కాదనను, కానీ పిల్లాడికి ఏది ఇష్టమో అందులో రాయరు కదా. అందుకే "నీకేమంటే ఇష్టం నాన్నా?" అని వాడినే అడగండి. మా అక్క కొడుకు అస్సలు మాట్లాడడు అనుకుంటారు చుట్టాలు, బస్సుల గురించి కదిపి చూడండి, సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం వెళ్లే 5కే నంబర్ బస్సు ఎక్కడెక్కడ ఆగుద్దో వరసగా చెప్పేస్తాడు, ఎంత ముద్దొస్తాడో! అడిగాక కాసేపు ఆగండి, జవాబు లేటవుతుంది, ఈలోపు వాళ్లమ్మ వైపు తిరిగిపోవద్దు.